గురి తప్పని బాణాలు

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో విజయవాడలోనో హైదరాబాద్‌లోనో రోడ్ల పక్క ఫ్లెక్సీలు గమనించండి. ర్యాంకుల పక్కన ఎక్కడో ఒకచోట బాణం ఉంటుంది. గుండ్రటి వలయాల నడుమ దిగబడి ఉంటుంది, లేదంటే అర్జునుడి వింట ఎక్కుపెట్టి ఉంటుంది. ఏకాగ్రత గురించి పిల్లలకు చెప్పాల్సి వస్తే మాస్టార్ల నోట ముందుగా వచ్చే కథ కూడా అదే. చెట్టు మీద పిట్ట, దాని కన్ను.

మహాభారతం ఆదిపర్వంలో ఆ కథ ఉంది. ద్రోణుడు పనివాళ్లతో ఒక బొమ్మ పిట్టను చేయించి చెట్టు కొమ్మ మీద పెట్టించాడు. ముందు ధర్మరాజును పిలిచి ఏం కనిపిస్తోందని అడిగాడు. చెట్టు, పిట్ట, తమ్ముళ్లు, ఎదురుగా మీరు, అన్నీ కనిపిస్తున్నాయన్నాడు ధర్మరాజు. నీ వల్ల కాదు, పక్కకు జరగమన్నాడు గురువు. మిగతావాళ్లదీ అదే వరస. చివరికి వచ్చిన అర్జునుడికి చెట్టు కనిపించలేదు, గురువూ కనిపించలేదు. వ్యాసుడి మూలంలో అతను పిట్ట తల ఒక్కటే కనిపిస్తోందంటాడు. జనం చెప్పుకోగా చెప్పుకోగా ఆ తల ఇంకా చిన్నదై కన్నుగా మారింది. బాణం వదిలాడు, బొమ్మ తల తెగి కింద పడింది, గురువు కౌగిలించుకున్నాడు.

మనం కథను అక్కడితో ఆపేస్తాం. వ్యాసుడు ఆపలేదు, వాల్మీకి అసలు అక్కడ మొదలే పెట్టలేదు. మన ఇతిహాసాల్లో పెద్ద దుఃఖాల మూలం వెతుక్కుంటూ వెళితే చాలాచోట్ల ఒక బాణం దొరుకుతుంది. అది గురి తప్పిన బాణం కాదు. సరిగ్గా తగలాల్సిన చోట తగిలిన బాణం. కుదిరిన గురే కొంపలు ముంచింది.

సరయూ ఒడ్డున చప్పుడు

దశరథుడి సంగతే తీసుకోండి. అప్పటికింకా యువరాజు, పెళ్లి కాలేదు. కంటితో చూడకుండా చప్పుడును బట్టి కొట్టగలడని పేరు. ఆ పేరంటే అతనికి ఎంత మోజో వాల్మీకి దాచలేదు. వానాకాలం రాత్రి రథమెక్కి, విల్లు పట్టుకుని సరయూ ఒడ్డుకు వేటకు వెళ్లాడు. చీకట్లో నీళ్ల దగ్గర బుడబుడమని చప్పుడైంది. ఏనుగు నీళ్లు తాగుతోందనుకుని వదిలాడు. బాణం సూటిగా వెళ్లి తగిలింది. తగిలాకే మనిషి గొంతు వినిపించింది.

కళ్లులేని తల్లిదండ్రుల కోసం కడవ ముంచుకుంటున్న కుర్రాడతను. మనం శ్రవణకుమారుడని పిలుచుకుంటున్నాం గానీ వాల్మీకి అతనికి పేరు పెట్టలేదు. ఒంట్లో బాణం ఉండగానే, నీకు బ్రహ్మహత్య అంటదులే, భయపడకని ఆ కుర్రాడే రాకుమారుడికి ధైర్యం చెబుతాడు. ఈ నొప్పి భరించలేను, బాణం పీకెయ్యమంటాడు. అక్కడ కవి కథను పరుగెత్తించకుండా దశరథుడి మనసులోకి వెళ్లి నిలబడతాడు. ఉంచితే నరకయాతన, తీస్తే ప్రాణం పోతుంది. అంత దూరం నుంచి చీకట్లో గురి చూడగలిగినవాడు, చేతికందే దూరంలో ఏం చేయాలో తోచక వణికిపోయాడు. చివరికి తీశాడు. కుర్రాడు పోయాడు. విలువిద్య గురించి ఇంత నిర్దయగా, ఇంత నిజంగా రాసిన ఘట్టం నాకు మరొకటి తెలియదు.

ఈ కథ మనకు అయోధ్యకాండలో ఎక్కడ వస్తుందో చూస్తే ఇంకా కలుక్కుమంటుంది. రాముడు అడవికి వెళ్లిన ఆరో రాత్రి, కౌసల్య పక్కన పడుకుని, చూపు ఆనక, దశరథుడే తన నోటితో చెబుతాడు. చెప్పి ఆ రాత్రే కన్నుమూస్తాడు. యవ్వనంలో వదిలిన బాణం ముసలితనంలో తిరిగొచ్చి తగిలింది. బౌద్ధుల జాతక కథల్లోనూ ఇలాంటి కుర్రాడున్నాడు. పేరు సాముడు, గుడ్డివాళ్లైన తల్లిదండ్రులు, చేతిలో కడవ, ఎదురుగా విల్లు పట్టిన కాశీ రాజు. అక్కడ మాత్రం సత్యవాక్కు మహిమతో కుర్రాడు లేచి కూర్చుంటాడు. జాతక కథ చెప్పినవాడికి జాలి కలిగిందేమో. వాల్మీకి ఆ జాలి చూపలేదు.

చూపకపోవడానికి కారణం ఆ కావ్యం పుట్టుకలోనే ఉంది. తమసా నది ఒడ్డున జంటగా ఉన్న క్రౌంచపక్షుల్లో మగదాన్ని బోయవాడు కొట్టాడు. ఆడపక్షి ఏడ్చింది. ఆ ఏడుపు విని ముని నోట శాపం వచ్చింది, వచ్చిన శాపం శ్లోకమై కూర్చుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. శాపం నోరు జారిన వెంటనే వాల్మీకి తనలో తాను మథనపడ్డాడన్నది మనం అంతగా పట్టించుకోం. పక్షి కోసం దుఃఖపడుతూ నేనీ మాట ఎందుకన్నానని ఆలోచనలో పడ్డాడు. బోయవాడి బాణం వెనక్కి రానట్టే ముని మాటా వెనక్కి రాదు. ఉద్యోగపర్వంలో విదురుడు చెప్పేది కూడా ఇదే. బాణం చేసిన గాయం మానుతుంది, మాట చేసిన గాయం మానదు. ద్రోణుడి పిట్ట బొమ్మ, దానికి రక్తం లేదు, జంట లేదు. మన మొదటి కావ్యం మొదలైంది రక్తం కారే పిట్టతో.

తర్వాత వరసగా వస్తూనే ఉంటాయి. జింకల జంటను పాండురాజు అయిదు బాణాలతో కొట్టాడు. అది జింక రూపంలో ఉన్న కిందముడనే ముని. రాజులు వేటాడటం తప్పా అని పాండురాజు వాదిస్తే, చంపినందుకు కాదు, ఏ సమయంలో కొట్టావో చూసుకోమన్నాడు ముని. కురువంశం కథంతా ఆ శాపం మీద నుంచే మలుపు తిరిగింది. కృష్ణుడి కథ ముగిసింది కూడా బాణంతోనే. చెట్టు కింద పడుకున్న ఆయన పాదాన్ని చూసి జింక అనుకుని కొట్టిన వేటగాడి పేరు జర. అతని గురీ తప్పలేదు.

గాండీవం జారిన ఉదయం

ఇప్పుడు కురుక్షేత్రానికి రండి. రథాన్ని రెండు సేనల నడుమ నిలపమని అర్జునుడు అడిగాడు. నిలిపాక అతనికి ఏం కనిపించిందో భగవద్గీత మొదటి అధ్యాయం వరసబెట్టి చెబుతుంది. తండ్రులు, తాతలు, గురువులు, మేనమామలు, అన్నదమ్ములు, కొడుకులు, మనవలు, స్నేహితులు, మామలు. చిన్నప్పుడు చెట్టు కింద ధర్మరాజు చదివిన జాబితా లాంటిదే ఇది. ఆనాడు ఏమీ కనిపించనివాడికి ఈనాడు అందరూ కనిపించారు. వాళ్లలో ద్రోణుడూ ఉన్నాడు. ఒళ్లు మండిపోయింది, నోరెండిపోయింది, గాండీవం చేతిలోంచి జారిపోయింది.

నా మట్టుకు నాకు గీత మొదటి అధ్యాయం ద్రోణుడి పరీక్షకు వచ్చిన జవాబులా కనిపిస్తుంది. చుట్టూ ఉన్నదంతా కనపడకుండా చేసుకునే విద్యతో అర్జునుడు గొప్ప విలుకాడయ్యాడు. ఆ చుట్టూ ఉన్నదంతా ఒక్కసారిగా కనపడగానే మనిషయ్యాడు. పిట్ట కన్ను కథ చెప్పి గాండీవం జారిన కథ చెప్పకపోతే పిల్లలకు సగం అర్జునుణ్నే ఇచ్చినట్టు.

దానికి కృష్ణుడిచ్చిన సమాధానం తెలిసిందే. పని నీది, ఫలం మీద హక్కు నీది కాదు. ఆ మాట విన్నవాడు విలుకాడు కావడం కాకతాళీయమని నేననుకోను. నారి వదిలేదాకానే విలుకాడి అధికారం. ఆ తర్వాత గాలిది, దూరానిది, అవతలి మనిషి కదలికది. రోమ్‌లో సిసిరో క్రీస్తుపూర్వం 45లో రాసిన ఒక గ్రంథంలో స్టోయిక్ తత్వవేత్తల వాదం చెబుతూ సరిగ్గా ఈ ఉపమానమే వాడాడు. విలుకాడు సూటిగా కొట్టడానికి తన చేతిలో ఉన్నదంతా చేయాలి. తగలడం మంచిదే, కోరుకోవచ్చు. కానీ అతని జీవిత లక్ష్యం ఆ చేయడంలోనే ఉంది, తగలడంలో లేదు. గంగానదికీ టైబర్ నదికీ మధ్య ఎవరి మాట ఎవరు విన్నారని వెతకనక్కర్లేదు. విల్లు పట్టినవాడికి ఎక్కడున్నా తట్టే సంగతే అది.

ముండకోపనిషత్తు ఇంకో అడుగు వేసింది. అక్కడ ఓంకారం విల్లు, ఆత్మే బాణం, బ్రహ్మం గురి. ఏమరుపాటు లేకుండా కొట్టి, బాణం గురిలో కలిసిపోయినట్టు కలిసిపొమ్మంటుంది. అన్ని బాణాల్లోకీ ఎవరినీ ఏడిపించని బాణం ఇదొక్కటే. ఎందుకంటే ఇక్కడ కొట్టేవాడే బాణం.

క్లిక్కర్ చప్పుడు

పుస్తకాల్లో బాణం గీత గీసినట్టు వెళుతుంది. మైదానంలో అలా వెళ్లదు. నారి వెనక నుంచి ఒక్క తోపు తోసేసరికి బాణం నడుము వంగుతుంది. ఈ పక్కకొకసారి, ఆ పక్కకొకసారి ఊగుతూ విల్లు పిడిని తప్పించుకుని ముందుకెళుతుంది. కొంత దూరం పోయాక ఈకలు దాన్ని సర్దుతాయి. వంగని బాణం పిడికి ఒరుసుకుని పక్కకు పోతుంది, మరీ ఎక్కువ వంగేదీ అంతే. అందుకే ఆర్చర్లు తమ విల్లు బలానికి తగినంత వంగే బాణాలను ఏరుకుంటారు. మామూలు కంటికి ఈ ఊగిసలాట కనిపించదు, స్లో మోషన్‌లో చూస్తే చేప ఈదినట్టుంటుంది.

ఒలింపిక్స్‌లో రికర్వ్ విల్లుతో 70 మీటర్ల దూరం నుంచి కొడతారు. పది పాయింట్ల వలయం అడ్డంగా 12.2 సెంటీమీటర్లు. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లతో నారి పట్టి గడ్డం కిందికి లాగుతారు. వింటి మీద క్లిక్కర్ అని సన్నటి లోహపు రేకు ఒకటి ఉంటుంది. బాణం మొన దాన్ని దాటేంతగా లాగగానే అది టిక్కుమంటుంది. ఆ చప్పుడుకు వదలాలి. ఆఖరి రెండు మూడు మిల్లీమీటర్లు చేతులతో కాదు, వీపు కండరాలతో లాగాలి. తొందరపడితే బాణం చెదురుతుంది, ఆలస్యమైతే చెయ్యి వణుకుతుంది. ఋగ్వేదం ఆరో మండలంలో ఆయుధాల మీద ఒక సూక్తం ఉంది. నారి చెవి దగ్గరికి వచ్చే తీరును, ఏదో చెప్పాలని ప్రియుడి దగ్గరికి చేరే స్త్రీతో పోల్చాడు ఆ ఋషి. ఎప్పుడైనా నారి లాగి చూసినవాడే ఆ మాట అనగలడు.

ఈ విద్యకు ఇవాళ తెలుగునాట చిరునామా విజయవాడ. అక్కడి అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విల్లు విభాగంలో వ్యక్తిగత, జట్టు, మిక్స్‌డ్ స్వర్ణాలు మూడూ గెలిచింది. ఆ క్రీడలు జరిగింది 2023లో. అక్కడివాడే బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకిత భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లాడు. అంతవరకు ఒలింపిక్స్ గడప తొక్కని కాంపౌండ్ విల్లుకు 2028 లాస్ ఏంజెలిస్‌లో మిక్స్‌డ్ టీమ్ రూపంలో చోటు దొరికింది. పతకం చేజారిన రోజున నాలుగో స్థానం అని ఒక్క ముక్కలో తేల్చేయడం మనకు అలవాటు. సిసిరో విలుకాణ్ని గుర్తుపెట్టుకుంటే అలా అనలేం.

బాణాన్ని కాకుండా విల్లును చూసినవాడు ఖలీల్ జిబ్రాన్. 1923లో వచ్చిన ‘ది ప్రాఫెట్’లో తల్లిదండ్రులను విల్లుగా, పిల్లలను ఆ వింట వెలువడే ప్రాణమున్న బాణాలుగా ఊహించాడు. వంగాల్సింది విల్లే. కాళోజీ నారాయణరావు ఆ పుస్తకాన్ని ‘జీవన గీత’గా తెలుగులోకి తెచ్చారు. పిల్లలను అమెరికాకో ఆస్ట్రేలియాకో పంపి, ఉదయం పూట వీడియో కాల్ కోసం ఎదురుచూసే ఇళ్లు ఇవాళ తెలుగు ఊళ్లలో కోకొల్లలు. ఆ ఇళ్లలో ఈ ఉపమానం గురించి ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

తగిలినవాడి వైపు నుంచి

బుద్ధుడు బాణం గురించి మాట్లాడినప్పుడు విలుకాడి పక్కన నిలబడలేదు. దెబ్బ తిన్నవాడి పక్కన కూర్చున్నాడు. మాలుంక్యపుత్తుడనే భిక్షువు వచ్చి, లోకం శాశ్వతమా కాదా తేల్చి చెబితేనే మీ దగ్గర ఉంటానని పట్టుబట్టాడు. విషపు బాణం తగిలిన మనిషి కథ చెప్పాడు బుద్ధుడు. వైద్యుణ్ని పిలిస్తే ఆ మనిషి, ఆగండి, కొట్టినవాడు ఏ కులమో, ఏ ఊరో, పొడుగో పొట్టో, నారి దేనితో చేసిందో, ఈకలు గద్దవో నెమలివో తెలిస్తే గానీ బాణం తీయనివ్వనన్నాడట. అవి తెలిసేలోపు ప్రాణం పోతుంది. ఇంకోచోట రెండు బాణాల సంగతి చెప్పాడు. మొదటిది నొప్పి, అది ఎవరికైనా తగులుతుంది. రెండోది ఆ నొప్పిని తలచుకుని కుమిలిపోవడం, అది మనం మనకే కొట్టుకునేది. అమరావతిలో, నాగార్జునకొండలో ఒకప్పుడు బౌద్ధ విహారాలుండేవి. కృష్ణాతీరానికి ఈ మాటలు పరాయివి కావు.

దెబ్బతిన్నవాళ్లందరిలోకీ నన్ను వదలనివాడు భీష్ముడు. ముందు శిఖండి, వెనక అర్జునుడు. ఒళ్లంతా బాణాలు దిగుతుంటే దుశ్శాసనుడితో నవ్వుతూ అంటాడు, ఇవి శిఖండివి కావు, అర్జునుడివని. మనవడి చేతివాటాన్ని గాయాల్లో గుర్తుపట్టిన తాత. పడ్డాక ఒళ్లు నేలకు ఆనలేదు, తల మాత్రం వేలాడింది. రాజులు మెత్తటి దిండ్లు తెస్తే వద్దన్నాడు. అర్జునుడు మూడు బాణాలు తల కింద నాటాడు. దాహమంటే బాణంతో భూమిని చీల్చి నీళ్లు తెప్పించాడు. యాభై ఎనిమిది రాత్రులు ఆ పడక మీదే ఉండి ఆయన ధర్మరాజుకు చెప్పిందే శాంతిపర్వం, అనుశాసనికపర్వం. తిక్కన వాటిని తెలుగు చేశాడు. పోతన భాగవతంలో ఆ అంపశయ్య మీది భీష్ముడికి గుర్తొచ్చేది తన గాయాలు కావు. తన బాణాల దెబ్బకు ఓర్చుకోలేక, ఆయుధం పట్టనన్న మాట తప్పి, చక్రంతో రథం మీంచి దూకిన కృష్ణుడు. 1969లో నవీన్ తన నవలకు ‘అంపశయ్య’ అని పేరు పెట్టి, దాని మీద ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవిని పడుకోబెట్టారు. పేదరికం, చదువు, ఆత్మన్యూనత, ప్రేమ, అన్నీ ఒకే రోజులో గుచ్చుకుంటాయి. ఆ పేరు రచయిత ఇంటిపేరైపోయింది.

చంపని బాణం

భీష్ముడి తలదిండు, ఆయన దాహం తీర్చిన నీళ్లు చూశాక నాకో సంగతి తోచింది. ఇతిహాసాల్లో అసలైన విలువిద్య చంపినప్పుడు కాదు, చంపకుండా పని జరిగినప్పుడే కనిపిస్తుంది. విరాటపర్వంలో జమ్మి చెట్టు మీంచి గాండీవం దించుకుని వచ్చిన అర్జునుడు ముందు ద్రోణుడి వైపు బాణాలు వేస్తాడు. రెండు ఆయన పాదాల దగ్గర పడ్డాయి, రెండు చెవుల పక్కగా వెళ్లాయి. నమస్కారం పెట్టి, యుద్ధానికి అనుమతి అడుగుతున్నాడని ద్రోణుడు మురిసిపోయాడు. దీనికి పూర్తిగా అవతలి కొసన వాలి గుండెలో దిగిన బాణం ఉంది. చాటు నుంచి ఎందుకు కొట్టావని వాలి ప్రాణం పోతూ అడిగిన ప్రశ్నకు రాముడు జవాబిచ్చాడు. అయినా మన రచ్చబండల మీద ఆ వాదం ఇంకా తెగలేదు. మన్యంలో అల్లూరి సీతారామరాజు పోలీస్ స్టేషన్ల మీదికి చాటుగా వెళ్లేవాడు కాదంటారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్‌తో దాడులు మొదలయ్యాయి. తర్వాత ఎక్కడికి ఎప్పుడు వస్తాడో మిరపకాయ టపాలో ముందే కబురు పంపేవాడని చెప్పుకుంటారు. స్టేషన్లలో తీసుకున్నవి తుపాకులు. జనం మాత్రం ఆయన విగ్రహాల చేతిలో విల్లే పెట్టారు. అది గిరిజనుల ఇంటి వస్తువు.

చంపని బాణాల్లో అన్నిటికన్నా గొప్పవి ఏకలవ్యుడివి. మొరుగుతున్న కుక్క నోట్లో ఏడు బాణాలు కొట్టాడు. కుక్క చావలేదు. నోరు మూసుకుని నడుచుకుంటూ పాండవుల దగ్గరికి వెళ్లింది. అర్జునుడు తల తెంచింది బొమ్మ పిట్టకు, ఏకలవ్యుడు ఊరకుండేలా చేసింది ప్రాణమున్న జంతువును. ఆ చేతివాటానికి దొరికిన ప్రతిఫలం బొటనవేలు కోల్పోవడం. ఆదిపర్వంలో ఈ కథ ముందు వచ్చి, పిట్ట పరీక్ష దాని తర్వాత వస్తుంది. పోటీదారు వేలు తెగాకే ఆ పరీక్ష జరిగిందన్నమాట. ఆ వేలు పోయాక అర్జునుడి బెంగ తీరిందని వ్యాసుడు దాచకుండా రాశాడు. మిగిలిన వేళ్లతో ఏకలవ్యుడు బాణాలు వేస్తూనే ఉన్నాడని, మునుపటి వేగం మాత్రం లేదని కూడా రాశాడు.

క్రీడాకారులకు అర్జున అవార్డు 1961 నుంచి ఉంది, శిక్షకులకు ద్రోణాచార్య అవార్డు 1985 నుంచి. ఏకలవ్యుడి పేరు 1990ల చివర్లో గిరిజన పిల్లల గురుకుల పాఠశాలలకు పెట్టారు. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గరి అడవి పల్లెలో వెదురు విల్లుతో వేటాడుతూ పెరిగిన ఆదివాసి లింబారామ్ 1988, 1992, 1996 ఒలింపిక్స్ మూడింటిలోనూ దేశం తరఫున విల్లు పట్టాడు, బొటనవేలు తగలకుండా మూడు వేళ్లతో నారి లాగి. 1991లో దేశం ఆయనకు అర్జున అవార్డు ఇచ్చింది.